తాతయ్య గిటార్ లోపలి నంబరు

గుంటూరులో మా అమ్మమ్మ వాళ్ల ఇంట్లో, బీరువా పక్కన, పాత కర్టెన్ గుడ్డతో కుట్టిన సంచిలో ఒక గిటార్ ఉంటుంది. తాతయ్యది. చిన్నప్పుడు దాన్ని ముట్టుకోవాలంటే చేతులు కడుక్కుని రావాలి. తాతయ్య దాన్ని ఒళ్లో పెట్టుకుని, మధ్యలో ఉన్న గుండ్రటి రంధ్రంలోకి మమ్మల్ని తొంగి చూడమనేవారు. లోపలి చెక్క మీద అచ్చు గుద్దినట్టు ఇంగ్లిషు అక్షరాలు. అందులో ఒక మాట నజరేత్. "చూశారా, యేసుప్రభువు ఊరి పేరు" అనేవారు. మేం నమ్మాం. ఆ గిటార్ ఇజ్రాయెల్ నుంచి వచ్చిందనే చాలా ఏళ్లు అనుకున్నాను.

ఇప్పుడు నేను పెన్సిల్వేనియాలో, ఆలెన్‌టౌన్ దగ్గర ఉంటున్నాను. ఆ నజరేత్ మా ఇంటి నుంచి కారులో అరగంట. ఇక్కడికి వచ్చిన మొదటి నెలలో రోడ్డు మీద బోర్డులు చూసి ఆశ్చర్యపోయాను. నజరేత్, బెత్లెహేమ్, ఎమ్మాయు. బైబిల్లో ఊళ్లన్నీ ఒకే జిల్లాలో ఉన్నట్టు. 1740 ప్రాంతంలో ఇక్కడ స్థిరపడిన మొరేవియన్ క్రైస్తవులు పెట్టుకున్న పేర్లట అవి. ఆ నజరేత్‌లోనే మార్టిన్ గిటార్ కంపెనీ ఉంది. జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్షెన్ నుంచి సి.ఎఫ్. మార్టిన్ అనే ఆయన 1833లో న్యూయార్క్ వచ్చి, కొన్నేళ్లకు ఈ ఊరికి మారాడు. కంపెనీ ఇప్పటికీ ఆ కుటుంబానిదే. ఫ్యాక్టరీని ఆనుకుని చిన్న మ్యూజియం ఉంది. అక్కడ అద్దాల వెనక పాత గిటార్లు చూస్తూ నడుస్తుంటే ఒకచోట కాళ్లు ఆగిపోయాయి. తాతయ్య గిటార్ తల మీద ఉన్న బంగారు అక్షరాలే అవి. అదే వంపు, కింద అదే 1833.

అక్కడి నుంచే అమ్మకి ఫోన్ చేశాను. ఇండియాలో అప్పుడు రాత్రి పన్నెండు. "ఏమైందే?" అని కంగారుపడింది. "తాతయ్య గిటార్ ఊరు దొరికిందమ్మా" అన్నాను.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. గుంటూరు లూథరన్ మిషన్‌ని మొదలుపెట్టిన ఫాదర్ హయ్యర్ 1842లో పెన్సిల్వేనియా నుంచే వచ్చారు. కుగ్లర్ ఆసుపత్రి స్థాపించిన డాక్టర్ అన్నా కుగ్లర్‌దీ పెన్సిల్వేనియానే. వందేళ్లకు పైగా ఈ రాష్ట్రం నుంచి గుంటూరుకి మనుషులు వస్తూనే ఉన్నారు. తాతయ్య మిషన్ బడిలో లెక్కల మాస్టారు. 1962లో ఒక మిషనరీ కుటుంబం స్వదేశం వెళ్లిపోతూ, క్రిస్మస్ కేరల్స్‌లో తమతో కలిసి పాడే మాస్టారికి గిటార్ ఇచ్చేసి వెళ్లింది. అంతకు మించి ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు.

ఆ ఫోన్ తర్వాత మామయ్య అడిగిన మొదటి ప్రశ్న అందరూ అడిగేదే. "ఎంత వస్తుందమ్మడూ?"

నా దగ్గర జవాబు లేదు. జవాబు చెప్పగలిగే స్థితికి రావడానికి ఆరేళ్లు పట్టింది. ఈ ఆరేళ్లలో నేర్చుకున్నది రాసి పెడదామని చాలా కాలంగా అనుకుంటున్నాను.

మొదట ఒక దెబ్బ తిన్నాను. పాత గిటార్ల పిచ్చి పట్టిన కొత్తలో, 1960ల నాటి మార్టిన్ ఒకటి ఇంటర్నెట్‌లో కొన్నాను. అమ్మినాయన "అంతా ఒరిజినల్" అని రాశాడు. ఫొటోలో అద్దంలా మెరుస్తోంది. ఆ మెరుపు చూసే కొన్నాను. దాన్ని ఇక్కడ గిటార్లు రిపేరు చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళితే, కిటికీ దగ్గర వెలుగులోకి వాలుగా పట్టుకుని చూసి, ఒక్క నిమిషంలో చెప్పేశాడు. మొత్తం గీకేసి మళ్లీ పాలిష్ వేశారు. అంచుల దగ్గర చెక్క పలచబడింది. నేను ఇచ్చిన డబ్బులో దాదాపు సగం గాలికి పోయినట్టే. పాత పాలిష్ పోయిన గిటార్‌కి, మిగతా అంతా బాగున్నా, కలెక్టర్లు, అంటే పాత గిటార్లు సేకరించేవాళ్లు, సుమారు సగం ధరే ఇస్తారు. వారం రోజులు సరిగా నిద్ర పట్టలేదు. కానీ ఆ పెద్దాయన నన్ను పంపేయకుండా, "శనివారాలు రా, చూపిస్తాను" అన్నాడు. వెళ్లాను. నాకు తెలిసినదంతా ఆ శనివారాల్లో నేర్చుకున్నదే.

ఆయన మొదట నేర్పింది, గిటార్‌ని లోపలి నుంచి చదవడం. తల మీద పేరు స్టిక్కర్ లాంటిదే, ఎవరైనా అతికించవచ్చు. లోపలిది మార్చడం కష్టం. మార్టిన్‌కైతే ఇది చాలా తేలిక. మెడ వచ్చి పెట్టెలో కలిసేచోట లోపల ఒక చెక్క దిమ్మ ఉంటుంది. రంధ్రంలోంచి టార్చి వేసి పైకి చూస్తే దాని మీద అంకెలు గుద్ది ఉంటాయి. ఈ సీరియల్ నంబర్లు 1898లో మొదలయ్యాయి. అంతకు ముందు ఎన్ని గిటార్లు చేశారో వాళ్ల దగ్గర సరైన లెక్క లేక, సుమారుగా అంచనా వేసి 8000 నుంచి మొదలుపెట్టారు. అప్పటి నుంచి తప్పకుండా ఒకే వరస. ఏ ఏడాది చివర ఏ నంబరు దగ్గర ఆగిందో పట్టిక ఉంది కాబట్టి, నంబరు తెలిస్తే ఏడాది తెలిసినట్టే. 1930 చివరి నుంచి నంబరు పైన మోడల్ పేరు కూడా గుద్దుతున్నారు.

అన్ని కంపెనీలూ ఇంత క్రమంగా లేవు. మిషిగన్ రాష్ట్రం కలమజూలో తయారైన గిబ్సన్ గిటార్లలో 1960ల నంబర్లు గందరగోళం. ఒకే నంబరు వేర్వేరు గిటార్ల మీద కనిపిస్తుంది. వాటిని నంబరుతో కాకుండా తల మీది అక్షరాల తీరుతోనూ, తీగలు కట్టే చెక్కముక్క, అంటే బ్రిడ్జ్ ఆకారంతోనూ పట్టుకోవాలి. రెండో ప్రపంచయుద్ధ కాలపు గిబ్సన్ల మీద "ఓన్లీ ఎ గిబ్సన్ ఈజ్ గుడ్ ఇనఫ్" అని చిన్న రిబ్బను బొమ్మలో రాసి ఉంటుంది. అది కనిపిస్తే 1940ల మొదటి సగం అని దాదాపు ఖాయం. షికాగోలో చేసిన హార్మొనీ గిటార్ల లోపల ఒక అక్షరం, పక్కన ఏడాది రబ్బరు స్టాంపుతో వేసి ఉంటాయి. చవక గిటార్లే, కానీ ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు పెట్టే ఎస్టేట్ సేల్స్‌లో అవే ఎక్కువ కనిపిస్తాయి. నా చెయ్యి తిరిగింది వాటి మీదే.

పోయిన డిసెంబరులో గుంటూరు వెళ్లాను. బ్యాగులో ఒక చిన్న టార్చి, పళ్ల డాక్టర్లు వాడే గుండ్రటి అద్దం, టేపు, ఒక చిన్న అయస్కాంతం. ఎయిర్‌పోర్టులో అద్దం చూసి ఇదేమిటని అడిగారు కూడా.

మామయ్య గిటార్‌ని మంచం మీద దుప్పటి పరిచి పెట్టారు. నాకు చేతులు వణికాయి. టార్చి వేసి అద్దం లోపల పెట్టాను. పైన 0-18. దాని కింద 143తో మొదలయ్యే ఆరు అంకెలు. మామయ్య ఇన్నాళ్లూ అది ఏదో స్టాకు నంబరు అనుకున్నారట. 1954 చివరి నంబరు 141345, 1955 చివరిది 147328. అంటే ఇది 1955లో పుట్టింది. అమ్మ కంటే రెండేళ్లు పెద్ద.

0-18 అనే పేరులోనే సగం కథ ఉంది. ముందున్నది సైజు. సున్నా అంటే కింది వెడల్పు పదమూడున్నర అంగుళాలు. రెండు సున్నాలు, మూడు సున్నాలు అంటే ఇంకాస్త పెద్దవి. డి అంటే డ్రెడ్‌నాట్, ఒక యుద్ధనౌక పేరు మీద వచ్చిన పెద్ద పెట్టె. వెనకున్నది నగిషీ, చెక్క. 18 అంటే వెనక, పక్కలు మహాగని, ముందు స్ప్రూస్, అలంకారం తక్కువ. 28 అంటే రోజ్‌వుడ్. 45 అంటే అంచులంతా ముత్యపుచిప్ప పొదిగినది. టేపు పెట్టి కొలిచాను. సరిగ్గా పదమూడున్నర.

అయినా అంకెలు చూసి ఆగకూడదు. మిగతా గిటార్ కూడా అదే మాట చెబుతోందో లేదో చూడాలి. అయస్కాంతాన్ని దారానికి కట్టి మెడ మీద వేలాడదీశాను. ఫ్రెట్లు, అంటే మెడ మీద అడ్డంగా పొదిగిన లోహపు గీతలు, నికెల్ సిల్వర్, వాటికి అంటుకోదు. కానీ మెడ లోపలికి లాగింది. 1934 నుంచి 1967 దాకా మార్టిన్ మెడల్లో టి ఆకారపు ఉక్కు కడ్డీ ఉంటుంది. యుద్ధంలో ఉక్కు దొరకనప్పుడు మాత్రం దాని బదులు ఎబొనీ చెక్క పెట్టారు. తర్వాత రంధ్రంలోకి చెయ్యి పెట్టి పై చెక్క అడుగున ఉన్న బద్దలను తడిమాను. అవి ఎక్స్ ఆకారంలో ఉంటాయి. 1944 చివరి దాకా ఆ బద్దలను మధ్యలో లోతుగా చెక్కేవాళ్లు, వేలికి వంపు తెలుస్తుంది. జనం లావు తీగలు వేసి పై చెక్కలు ఉబ్బించేస్తున్నారని ఆ పని మానేశారు. తాతయ్య గిటార్‌లో బద్దలు వంపు లేకుండా ఉన్నాయి. 1955కి ఉండాల్సినట్టే. చెక్కిన బద్దలున్న యుద్ధం ముందటి గిటార్లంటే కలెక్టర్లకు ప్రాణం. వాటి గొంతు వేరు. ఆ పెద్దాయన దుకాణంలో ఒకసారి 1930ల నాటి గిటార్ వాయించాను. మంద్రం తీగ మీటితే నా పొట్టకు ఆనించిన చెక్క అదిరింది. ఆ అదురు ఇప్పటికీ గుర్తుంది.

ఇక మంచీ చెడూ. పై చెక్క మీద సన్న తీగ వైపు, తాబేటి చిప్ప రంగు ప్లాస్టిక్ రేకు అంచున, ఒక పగులు. ఇది పాత మార్టిన్లకు పుట్టుమచ్చ లాంటిది. ఆ రేకును అప్పట్లో నేరుగా చెక్క మీద అతికించి, పైన పాలిష్ పూసేవాళ్లు. ఏళ్లు గడిచేకొద్దీ రేకు ముడుచుకుపోతూ చెక్కను లాగి చీలుస్తుంది. దీన్ని బాగుచేయవచ్చు, ధర కొద్దిగానే తగ్గుతుంది. వెనక చెక్క మీద ఇంకో సన్నటి పగులు. పాలిష్ మాత్రం అసలుదే. దాని మీద నెర్రెల్లాంటి సన్న గీతలు అడ్డంగా వచ్చాయి. ఆ గీతలు చూసి నాకు ఎంత సంతోషమేసిందో మామయ్యకి అర్థం కాలేదు. "అమ్మాయ్, అది పాడైపోయిందని నేను బాధపడుతుంటే! పోయిన సంవత్సరం పాలిష్ పెట్టిద్దామని ఒకతన్ని పిలిచాను, అతను రాలేదు" అన్నారు. ఆ వచ్చుండాల్సిన మనిషికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఇది చదివేవాళ్లలో ఎవరింట్లోనైనా పాత వాద్యం ఉంటే, గిటారే కానక్కర్లేదు, దయచేసి పాలిష్ పెట్టించకండి. పొడి గుడ్డతో తుడవండి, చాలు.

అసలు బాధ బ్రిడ్జ్ దగ్గర. తీగలు కట్టే ఆ చెక్కముక్కను కంపెనీ జిగురుతోనే అతికిస్తుంది. పాత కాలపు వేడి జిగురు, పశువుల చర్మం నుంచి తీసేది, గట్టి ఎండకు మెత్తబడుతుంది. గుంటూరు ఎండ సంగతి చెప్పక్కర్లేదు. 1980ల్లో ఒక వేసవిలో బ్రిడ్జ్ ఊడి లేచింది. తాతయ్య దాన్ని తెలిసిన వడ్రంగికి ఇచ్చారు. అతను తనకు తెలిసినంతలో జాగ్రత్తగానే చేశాడు. టేకుతో కొత్త బ్రిడ్జ్ చెక్కి, తెల్ల జిగురు పెట్టి, రెండు బోల్టులు బిగించాడు. గిబ్సన్ బ్రిడ్జిలకు బోల్టులు మామూలే, మార్టిన్‌కి ఉండవు. ఆ రెండు రంధ్రాలు ఇక పోవు. పాత బ్రిడ్జ్ ఏమైందో ఎవరికీ తెలియదు.

మెడ కూడా ముందుకు వంగింది. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగకీ చెక్కకీ మధ్య నా చిటికెన వేలు సగం దూరింది. ఈ కాలపు మార్టిన్ మెడల్లో బిగించుకునే కడ్డీ ఉండదు, 1985 దాకా పెట్టలేదు. ఆవిరి పట్టి మెడ ఊడదీసి, కోణం సరిచేసి మళ్లీ అతికించాలి. అమెరికాలో ఆ పనికి ఆరేడు వందల డాలర్లు తేలిగ్గా అవుతాయి. పాత గిటార్ కొనేవాళ్లు మొదట చూసేది ఇదే, ధరలో మొదట కోసేదీ ఇదే.

తల వెనక తిప్పే బిరడాల్లో రెండు వేరేవి. పాతవాటి స్క్రూ రంధ్రాలు పక్కనే కనిపిస్తున్నాయి. మార్చారు అనడానికి అదే సాక్ష్యం. "అయ్యో, ఇవి కూడా పోయాయా" అన్నాను. అప్పుడు అమ్మమ్మ, అప్పటిదాకా కుర్చీలో కూర్చుని మౌనంగా చూస్తున్న మనిషి, లేచి లోపలికి వెళ్లింది. సూదీదారాలు పెట్టుకునే బిస్కెట్ డబ్బా తెచ్చింది. గుండీల కింద, కాగితంలో చుట్టి, ఆ రెండు పాత బిరడాలు. "ఆయన పారేయొద్దన్నారు" అంది. నలభై ఏళ్లు దాచింది. అవి చేతిలో పెట్టుకుని ఏడ్చాను.

రాత్రి భోజనాలయ్యాక మామయ్య మళ్లీ అడిగారు. నిజం చెప్పాలి. పేపర్లలో వచ్చే ధరలు చూసి జనం ఆశపడతారు. కర్ట్ కొబేన్ వాయించిన 1959 మార్టిన్ 2020లో వేలంలో 60 లక్షల డాలర్లకు పోయింది. కానీ అక్కడ కొన్నది ఆ మనిషి జ్ఞాపకాన్ని. యుద్ధం ముందు, 1933 నుంచి 1942 దాకా, డి-45 అనే మోడల్‌ని కేవలం 91 చేశారు. వాటి ధర లక్షల డాలర్లలో ఉంటుంది. 0-18 చిన్నది, సాదాది, చాలా చేశారు. 1950ల నాటిది మంచి స్థితిలో ఉంటే, నేను ఈ మధ్య దుకాణాల్లో చూసిన అడుగుతున్న ధర మూడు వేల డాలర్ల చుట్టుపక్కల. అడిగే ధర వేరు, అమ్ముడుపోయే ధర వేరు. మనం దుకాణానికి అమ్మితే వాళ్లు తమ లాభం చూసుకుని అందులో సగానికి కొంచెం అటూ ఇటూ ఇస్తారు. మన గిటార్‌కి బ్రిడ్జ్ మారింది, బోల్టు రంధ్రాలున్నాయి, రెండు పగుళ్లు, మెడ పని, గిటార్ దాచే కేస్ లేదు. పాలిష్ అసలుది, బిరడాలన్నీ ఉన్నాయి. అన్నీ కూడి తీసి, సొంతంగా కొనేవాళ్లకు అమ్మితే 1,500 డాలర్లు అన్నాను. లక్షా పాతిక వేలకు కొంచెం పైన.

మామయ్య నిరాశపడతారనుకున్నాను. "అబ్బో, అంతనా!" అన్నారు.

నాతో అమెరికా తెచ్చి బాగు చేయిద్దామన్న ఆలోచన నాకుండేది. కానీ ఒక చిక్కు ఉంది. ఆ కాలపు 18లకు ఫ్రెట్లు పొదిగే పలక, అంటే ఫ్రెట్ బోర్డు, రోజ్‌వుడ్, అదీ బ్రెజిల్ రోజ్‌వుడ్. 1992 నుంచి ఆ చెట్టు అంతర్జాతీయ ఒప్పందంలో అత్యంత కఠినమైన జాబితాలో ఉంది. నిషేధానికి ముందే చేసిందని రుజువు చూపించి సర్టిఫికెట్ తీసుకోకుండా దేశం దాటించకూడదు. దాటిస్తూ దొరికితే గిటార్ పోతుంది. విదేశాల్లో పాత గిటార్ కొని ఇంటికి తెచ్చుకుందామనుకునే మనవాళ్లకు ఇది గట్టిగా చెప్పాలి. 1969కి ముందు రోజ్‌వుడ్ మార్టిన్ అంటే దాదాపు బ్రెజిల్‌దే. ఆ చెక్క దొరకడం కష్టమైపోయి 1969 నుంచి వాళ్లు మన దేశపు రోజ్‌వుడ్‌కి మారారు. మనం జిట్రేగి అనేది అదే. కలెక్టర్లు ఇండియా చెక్కకు తక్కువ ధర కడతారు. అది అరుదుదనానికి కట్టే ధర. కళ్లు మూసుకుని వింటే నాకు తేడా తెలియలేదు, మా పెద్దాయనకీ చాలాసార్లు తెలియలేదు.

అందుకని గిటార్ గుంటూరులోనే ఉంది. ఉన్న నాలుగు రోజుల్లో చేయగలిగింది చేశాను. లావు తీగలు తీసేసి, నాతో తెచ్చిన సన్న తీగలు వేసి, శ్రుతి ఒక మెట్టు దించాను. బ్రిడ్జ్ మీద, మెడ మీద అంత బరువు తగ్గుతుంది. పాత బిరడాలు రెండూ వాటి చోట బిగించాను, నూనె చుక్క వేస్తే తిరిగాయి. బీరువా పక్కన పడమటి గోడ, సాయంత్రం కాలిపోతుంది. అక్కడి నుంచి లోపలి గదిలోకి మార్పించాను. ఒక తెల్ల కాగితం మీద మోడల్, నంబరు, 1955, 1962లో ఎలా వచ్చింది, ఏమేం మారాయి, ఏ ఏడాది నేను ఎంత విలువ కట్టాను, అన్నీ తెలుగులో రాసి సంచిలో పెట్టాను. వడ్రంగి పేరు అమ్మమ్మకి గుర్తుంది, అదీ రాశాను.

కేరల్స్ రోజు రాత్రి మామయ్య మనవడు దాన్ని పట్టుకుని వచ్చాడు. ఎనిమిదో తరగతి. గిటార్ మీద ఒకేసారి మీటే స్వరాల కలయికలు, కార్డ్స్ అంటారే, అవి మూడే వచ్చు. పన్నెండో ఫ్రెట్ దాకా వెళ్లాల్సిన అవసరం వాడికింకా రాలేదు, కాబట్టి మెడ వంపుతో పని పడలేదు. పాట అయ్యాక టార్చి వేసి లోపలికి చూసి, "అత్తా, నజరేత్ అని ఉంది" అన్నాడు. అమ్మమ్మ వెంటనే అందుకుంది, "యేసుప్రభువు ఊరు రా." నేను ఏమీ సరిదిద్దలేదు. ఇంకో పాట వాయించమన్నాను.